2006 నాటి దేవణి ఆబోతు వీర్యం: వేయించిన ప్రతి ఆవూ తిరగపొర్లుతోంది, దయచేసి చెప్పండి

దెగ్లూర్ దేవణి మంద:
అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నా. ఎవర్ని అడిగినా ఒకరు ఒకటి చెబుతారు, ఇంకొకరు దానికి అడ్డంగా చెబుతారు. మా దగ్గర పాత దేవణి జాతి ఆబోతు స్ట్రాలు, అంటే గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్న గొట్టాలు, కొన్ని ఉన్నాయి. ఆ ఆబోతు పోయి చాలా ఏళ్లయింది. దాని కూతుళ్లు పాలిచ్చిన తీరు మా చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రక్తం మా మందలోకి రావాలని నా ఆశ. స్ట్రా మీద 2006 అని ముద్ర ఉంది. వేయించిన ఆవులన్నీ తిరగపొర్లాయి, అంటే చూడి కట్టకుండా మళ్లీ ఎదకొచ్చాయి, ఒక్కటీ నిలవలేదు. నేను అడిగేది ఒకటే. గడ్డకట్టించిన వీర్యం ఇన్నేళ్లకు పాడవుతుందా, పాడవదా? అవును, కాదు అని చెప్తే చాలు. ఉన్నవే కొన్ని, ఇంక మళ్లీ దొరకవు. చాలా టెన్షన్‌గా ఉంది.

ధర్మాబాద్ పాడి:
స్ట్రాలు ఉంచే కంటైనర్‌లో ద్రవ నైట్రోజన్ ఎప్పుడెప్పుడు నింపారు? ఎవరు నింపారు?

రిటైర్డ్ గోపాలమిత్ర, మద్నూర్:
తమ్ముడూ, ముందు ఆవు సంగతి చెప్పు, స్ట్రా సంగతి తర్వాత చూద్దాం. నేను చూసినంతలో సూది, అంటే కృత్రిమ గర్భధారణ, నిలవకపోవడానికి వీర్యం కన్నా వేళ తప్పడమే ఎక్కువ కారణం. పొద్దున ఎదకొచ్చిన ఆవుకు సాయంత్రం వేయాలి, సాయంత్రం వచ్చినదానికి మర్నాడు పొద్దున వేయాలి. మనవాళ్లు కొందరు అరుపు వినగానే ఫోన్ చేస్తారు, కొందరు పొలం పనులన్నీ ముగించుకుని తీరిగ్గా చేస్తారు. రెండూ నష్టమే. పక్క ఆవు పైకెక్కితే కదలకుండా నిలబడిందా? ఎదలో కారే జిగురు తీగ కోడిగుడ్డు తెల్లసొనలా తేటగా ఉందా? తీగ మబ్బుగా ఉన్నా, అందులో చీము నలకలు కనిపించినా గర్భసంచిలో వాపు ఉన్నట్టు. అప్పుడు ఏ ఆబోతుది వేసినా నిలవదు, ముందు దానికి వైద్యం చేయించాలి. ఈనిన తర్వాత రెండు నెలలైనా ఆగావా? ఖనిజ లవణాల పొడి పెడుతున్నావా? మీ వైపు ఎండాకాలంలో జొన్న చొప్ప తప్ప వేరే మేత కనబడదు. పచ్చిమేత ఎరగని ఆవు ఎదకు రావడమే కష్టం, వచ్చినా నిలుపుకోదు. ఈ మాట చెబితే రైతులకు కోపం వస్తుంది. అయినా నేను చెబుతూనే ఉంటా.

ఇక నీ ప్రశ్న. ఊళ్లలో సూదులు వేసే మా గోపాలమిత్రల ట్రైనింగ్‌లో పాత స్టాక్ ముందు వాడేయమనేవారు. కాలం గడిస్తే బలం తగ్గుతుందనే కదా అలా చెప్పడం? 2006 సరుకంటే నాకైతే నమ్మకం కుదరడం లేదు.

లాల్ కంధారి ప్రేమికుడు:
ఆబోతు ఏ రకం అన్నా? బలంక్యా, వన్నేరానా, శేవెరానా? ఒళ్లంతా తెలుపైతే బలంక్య. ఒళ్లు తెల్లగా ఉండి మొహం మీద నలుపుంటే వన్నేర. తెలుపు మీద నల్ల మచ్చలు చెదురుగా ఉంటే శేవెర. ఈ మూడూ చూసి జత కలిపేవాళ్లు తగ్గిపోయారు. మాళేగావ్ ఖండోబా జాతరకు వెళ్లినప్పుడల్లా చూస్తున్నా, మంచి దేవణి కోడె ఎదురైతే దాని తల్లి పాలెన్ని అని అడిగేవాళ్లు లేరు, రంగు చూసి, కొమ్ము చూసి ధర కడుతున్నారు. దేవణి దుక్కికీ పాలకూ రెండింటికీ పనికొచ్చే జాతి. కంధార్ వైపు మా ఎర్ర ఆవులదీ అదే కథ. జెర్సీ వీర్యం అడగకుండానే దొరుకుతుంది, మన జాతిది అడిగినా దొరకదు. మీరు ఆ స్ట్రాలు దాచుకున్నందుకు దండం పెట్టాలి.

ధర్మాబాద్ పాడి:
నా ప్రశ్నకు జవాబు రాలేదు.

దెగ్లూర్ దేవణి మంద:
గోపాలమిత్ర అన్నా, ఎద, తీగ, వేళ అన్నీ చూసుకునే వేయించాం. నాకు పశువులు కొత్త కాదు. సూది వేసే మనిషి కూడా మంచివాడే. అదే మనిషి మా పక్కింటి ఆవులకు కొత్త స్ట్రాలు వేస్తే నిలుస్తున్నాయి. మా మందలోనే ఒక ఆవు కిందటి ఏడాది కొత్త స్ట్రాకు మొదటిసారే చూడి కట్టింది, ఈసారి పాతది వేస్తే తిరగపొర్లింది. అందుకే అడుగుతున్నా. కంటైనర్‌లో నైట్రోజన్ ఉంది, మూత తీస్తే పొగ వస్తోంది. బలంక్య అన్నా, తెల్ల ఆబోతు. ఇప్పుడైనా ఎవరైనా నా ప్రశ్నకు జవాబు చెప్పండి.

ధర్మాబాద్ పాడి:
పొగ కొలత కాదు. స్కేలు దించి చూడండి.

పశువైద్యుడు, బిలోలి:
ఇప్పుడు మీరు రాసినదాంట్లో పనికొచ్చే సంగతి ఉంది. అదే మనిషి, అదే మంద, కొత్త స్ట్రా నిలిచింది. అంటే చేతి పని మీద, మేత మీద అనుమానం కొంత తగ్గింది. ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే బాగుండేది.

మీ ప్రశ్నకు సూటిగా: ద్రవ నత్రజనిలో ఎప్పుడూ మునిగి ఉంటే వీర్యం ఏళ్ల వల్ల పాడవదు. నత్రజని మరిగే ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. ఆ చలిలో కణం లోపల ఏ రసాయన చర్యా నడవదు. సుమారు మైనస్ 130 కిందకు వెళ్తే చాలు, లోపలి నీరు గాజులా బిగుసుకుని మంచు స్ఫటికాలు పెరగడం ఆగిపోతుంది. వీర్యకణాలకు దెబ్బ తగిలేది గడ్డకట్టించే రోజున. గ్లిజరాల్, గుడ్డు పచ్చసొన కలిపి ఎంత జాగ్రత్తగా చేసినా సగానికి దగ్గరగా అప్పుడే పోతాయి. మిగిలిన సగం అక్కడే ఆగిపోయి ఉంటుంది. నిన్న గడ్డకట్టించినదైనా 2006లో గడ్డకట్టించినదైనా, నత్రజని తగ్గకుండా ఉంటే తేడా రాదు.

తేడా వచ్చేది మధ్యలో వేడి తగిలినప్పుడు. మనం వాడే సన్న స్ట్రాలో పట్టేది పావు మిల్లీలీటరు. బయటి గాలి తగిలితే సెకన్లలో వేడెక్కుతుంది. వెతుక్కోవడానికి నత్రజని డబ్బా మెడ పైదాకా క్యానిస్టర్, అంటే స్ట్రాలుండే పొడవాటి గిన్నె, ఎత్తి, పేరు చదివి, ఇది కాదని మళ్లీ దించుతాం చూడండి, ప్రతిసారీ కొంత దెబ్బ తగులుతుంది. తిరిగి నత్రజనిలో ముంచితే చల్లదనం వస్తుంది కానీ పోయిన కణాలు రావు. ఆ దెబ్బలన్నీ పోగవుతాయి. పాత స్ట్రాకు ఎక్కువ ఏళ్లు అంటే ఎక్కువ ఎత్తడాలు, ఎక్కువ దించడాలు, ఎక్కువ చేతులు. అందుకే మందిని అడిగితే పాతది పాడవుతుందనే చెబుతారు. పాడు చేసింది కాలం కాదు.

ధర్మాబాద్ వారు మొదటి నుంచీ అడుగుతున్నది సరైన ప్రశ్న. ఈ స్ట్రాలు 2006 నుంచి ఎవరి దగ్గర ఉన్నాయి? ఎన్ని డబ్బాలు మారాయి?

వెటర్నరీ విద్యార్థి, కోరుట్ల:
డాక్టర్ గారు చెప్పినదానికి ఒక ఉదాహరణ. ఆస్ట్రేలియాలో 1968లో గడ్డకట్టించిన మెరినో పొట్టేళ్ల వీర్యాన్ని సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు 50 ఏళ్ల తర్వాత కరిగించి వేశారు. 56 గొర్రెలకు వేస్తే 34 చూడి కట్టాయి, అంటే 61 శాతం. కొత్తగా గడ్డకట్టించిన వీర్యంతో చూడి కట్టింది 59 శాతమే. 2019లో ఈ సంగతి బయటపెట్టారు. మాకు క్లాసులో చెప్పారు.

రిటైర్డ్ గోపాలమిత్ర, మద్నూర్:
గొర్రె వేరు, ఆవు వేరు. యూనివర్సిటీ డబ్బా వేరు, మన పల్లె డబ్బా వేరు. అక్కడ ప్రతి వారం నింపడానికి మనుషులుంటారు. ఇక్కడ నైట్రోజన్ బండి ఒక వారం రాకపోతే ఎవరూ పట్టించుకోరు. అయినా స్ట్రా పాడవడం అంటే ఏమిటో ముందు తేల్చండి. కదలిక లేకపోతే పాడైనట్టా, చూడి కట్టకపోతే పాడైనట్టా? కదలిక బాగా ఉండి కూడా చూడి కట్టని స్ట్రాలు నేను బోలెడు చూశా.

వెటర్నరీ విద్యార్థి, కోరుట్ల:
సార్, పాడవడం అంటే కరిగించాక చలనం తగ్గడమే కదా. మన దేశ ప్రమాణాల ప్రకారం ఒక స్ట్రాలో 2 కోట్ల కణాలుండాలి, కరిగించాక కనీసం సగం ముందుకు కదలాలి. సగం కన్నా తక్కువైతే పాడైనట్టు.

రిటైర్డ్ గోపాలమిత్ర, మద్నూర్:
అది వీర్య కేంద్రం గేటు దాటే ముందు లెక్క. నేనడిగేది ఆవు లోపల లెక్క.

పశువైద్యుడు, బిలోలి:
ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కానీ మీరిద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు. చలనం అంటే కణం బతికి కదులుతోందని. అది అండాన్ని చేరి లోపలికి వెళ్లాలంటే తల మీది తొడుగు, అంటే యాక్రోసోమ్, చెదరకుండా ఉండాలి. పైపొర గట్టిగా ఉండాలి. కాస్త వేడి తగిలిన స్ట్రాలో ఒక్కోసారి కదలిక కనిపిస్తుంది, తొడుగు మాత్రం ఊడిపోయి ఉంటుంది. సూక్ష్మదర్శినిలో బాగుందనిపించి ఆవులో నిలవనిది అదే. అందుకే కరిగించిన వెంటనే ఒకసారి చూసి వదిలేయకూడదు. 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, కదలిక ఎంత త్వరగా పడిపోతోందో చూడాలి. దెబ్బతిన్నవి తొందరగా కదలిక ఆపేస్తాయి.

గోపాలమిత్ర గారి ట్రైనింగ్ మాట గురించి. పాత స్టాక్ ముందు వాడమనడం స్టాక్ రిజిస్టర్ పద్ధతి. లోపల అట్టడుగున మర్చిపోకుండా ఉండటానికీ, కొత్త ఆబోతులు ముందుకు రావడానికీ అలా చెబుతారు. గడ్డకట్టించిన వీర్యం కాలంతో చచ్చిపోతుందన్న నమ్మకానికి ఇంకో మూలం కూడా ఉంది. తొలినాళ్లలో, 1950ల్లో, వీర్యాన్ని పొడి మంచులో మైనస్ 79 డిగ్రీల దగ్గర దాచేవారు. అక్కడ నిజంగానే నెలలు గడిచేకొద్దీ బలం తగ్గేది. ద్రవ నత్రజని వచ్చాక ఆ సమస్య పోయింది. మాట మాత్రం మిగిలిపోయింది.

ఇంకో సంగతి అందరూ గమనించాలి. మన పల్లెల్లో ఒక్కో సూదికి చూడి కట్టేది సుమారు మూడింట ఒకటి. ఆ లెక్కన మంచి వీర్యం వేసినా వరసగా మూడు ఆవులు తిరగపొర్లడం పదింట సుమారు మూడుసార్లు మామూలుగానే జరుగుతుంది. దెగ్లూర్ వారు ఎన్ని ఆవులకు వేయించారో రాయలేదు. రెండు మూడైతే స్ట్రాను తప్పు పట్టడానికి అది చాలదు. పది దాటి ఒక్కటీ నిలవకపోతే మాత్రం గట్టి అనుమానమే.

లాల్ కంధారి ప్రేమికుడు:
తిరగపొర్లకపోతే నిలిచినట్టేనా డాక్టర్ గారూ? మా ఊళ్లో అలాగే లెక్కేస్తారు.

పశువైద్యుడు, బిలోలి:
కాదు. 21 రోజులకు ఎద కనబడలేదంటే మనం చూడకపోయి ఉండొచ్చు, లేదా ఆవు బలహీనపడి ఎద ఆగిపోయి ఉండొచ్చు. చేత్తో చూడి పరీక్ష చేయిస్తేనే లెక్క. ఇదే కారణంగా చాలామంది వీర్యాన్ని అనవసరంగా మెచ్చుకుంటారు, అనవసరంగా తిడతారు.

దెగ్లూర్ దేవణి మంద:
ఇప్పుడు రాస్తున్నా. ఎక్కువ ఆవులకే వేయించాం డాక్టర్ గారూ, అందుకే భయం. ఈ స్ట్రాలు నావి కావు, సూదులు వేయడం మానేసిన ఒక పెద్దాయన దగ్గర నుంచి కంటైనర్‌తో సహా తెచ్చుకున్నా. ఆయన చెప్పినదాని ప్రకారం 2020 లాక్‌డౌన్‌లో కొన్నాళ్లు నైట్రోజన్ బండి రాలేదట. ఆ తర్వాత మళ్లీ నింపారట. అప్పటి నుంచి నిండుగానే ఉంది, మా దగ్గరికి వచ్చాక ఎప్పుడూ సగం కిందకు తగ్గనివ్వలేదు. ఆ కొన్నాళ్లకే అంత తేడా వస్తుందా?

ధర్మాబాద్ పాడి:
వస్తుంది. ఎండాకాలం అది. మార్చి నుంచి జూన్.

పశువైద్యుడు, బిలోలి:
ఇదే ముందు రాయాల్సింది. ఆ కొన్నాళ్లలో డబ్బా పూర్తిగా ఎండిందా, అడుగున కాస్త మిగిలిందా అన్నది ముఖ్యం. పూర్తిగా ఎండిపోయి, మళ్లీ నింపే దాకా అలాగే ఉండి ఉంటే ఆ స్ట్రాలన్నీ పోయినట్టే. కానీ ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే మళ్లీ నింపాక స్ట్రా చూడటానికి అలాగే ఉంటుంది. రంగు మారదు, ముద్ర చెరగదు. ఇన్నేళ్లుగా నిండుగా ఉంచిన మీ శ్రమ కూడా ఆ ఒక్క ఖాళీని పూడ్చలేదు. ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది.

ఒక ఆశ ఉంది. క్యానిస్టర్‌లో గోబ్లెట్లు, అంటే స్ట్రాలు నిలబెట్టే చిన్న కప్పులు, ఒకదాని మీద ఒకటి రెండు వరసలుగా ఉన్నాయా? ఉంటే మీరు ఇంతవరకు వాడినవి ఏ వరసవి?

దెగ్లూర్ దేవణి మంద:
రెండు వరసలే. పైవే వాడాం, తీయడానికి అవే అందుతాయి కదా. కిందివి ముట్టుకోలేదు.

పశువైద్యుడు, బిలోలి:
అయితే కిందివి ఇంక ముట్టుకోవద్దు, ఎవరితోనూ వేయించవద్దు. నత్రజని తగ్గేటప్పుడు ముందు పై వరస తేలుతుంది. అడుగున నాలుగు వేళ్లు మిగిలినా కింది గోబ్లెట్‌లోని స్ట్రాలు మునిగే ఉంటాయి, లేదా ద్రవానికి దగ్గరగా చల్లటి ఆవిరిలో ఉంటాయి. అవి బతికి ఉండే అవకాశం ఉంది. నమ్మకం పెట్టుకోమనడం లేదు, పరీక్ష చేయించమంటున్నా.

పై వరస నుంచి ఒకటి, కింది వరస నుంచి ఒకటి తీయండి. జేబులో కాదు, చేతిలో కాదు, మూడు లీటర్ల చిన్న డబ్బాలో నత్రజని పోసి అందులో మార్చండి. మార్చేటప్పుడు రెండు డబ్బాలూ మూతి పక్క మూతి పెట్టి, పట్టకారుతో తీసి, మూడు నాలుగు సెకన్లలో దించేయాలి. పట్టకారును కూడా ముందే ఆవిరిలో చల్లబరచండి. ఉద్గీర్ పశువైద్య కళాశాల మీకు దగ్గర, పర్‌భణీలో కూడా కళాశాల ఉంది. అక్కడ గైనకాలజీ విభాగంలో వెచ్చని పళ్లెం ఉన్న సూక్ష్మదర్శినిలో చూసి చెబుతారు. కదలికతో పాటు తొడుగు కూడా చూడమని అడగండి.

డబ్బానూ చూడండి. మెడ చుట్టూ బయట చెమట పట్టినా, తెల్లగా మంచు పేరుకున్నా లోపలి శూన్యం పోయినట్టు. దాన్ని నమ్ముకోకూడదు. స్కేలు దించి, తీసి, గాలిలో ఊపితే తెల్లగా మంచు పట్టిన చోటి దాకా నత్రజని ఉన్నట్టు. వారానికి ఒకసారి ఆ అంకె రాసిపెట్టుకోండి. హఠాత్తుగా ఎక్కువ తగ్గడం మొదలైతే వేరే డబ్బాకు మార్చాలి.

రిటైర్డ్ గోపాలమిత్ర, మద్నూర్:
కరిగించడం ఎలా చేస్తున్నారో కూడా అడగండి డాక్టర్ గారూ. మా వాళ్లలో చాలామంది స్ట్రాను రెండు అరచేతుల మధ్య రుద్దుతారు, చొక్కా జేబులో పెడతారు.

దెగ్లూర్ దేవణి మంద:
జేబులోనే పెట్టి కరిగిస్తాడు. కొత్తవి అలా వేసినా నిలుస్తున్నాయి కదా?

రిటైర్డ్ గోపాలమిత్ర, మద్నూర్:
నిలుస్తాయి. అలాగని అది సరైన పద్ధతి కాదు. 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ముంచాలి, థర్మామీటర్ పెట్టి. తీశాక తడి పూర్తిగా తుడవాలి, ఒక్క నీటి చుక్క లోపలికి వెళ్లినా కణాలు చస్తాయి. చలికాలం స్ట్రా ఎక్కించి వేసే గన్ను కూడా వెచ్చబరచాలి. కొత్త స్ట్రాలో కణాలు నిండుగా ఉంటాయి కాబట్టి జేబులో కొన్ని పోయినా చాలినన్ని మిగులుతాయి. నీ పాత స్ట్రాలో మిగిలిందే తక్కువైతే జేబులో పోగొట్టుకోవడానికి ఏముంటుంది? కాలం విషయంలో డాక్టర్ గారి మాట ఒప్పుకుంటున్నా. ఇది మాత్రం గట్టిగా పట్టుకో తమ్ముడూ.

లాల్ కంధారి ప్రేమికుడు:
ఇంకో మాట. ఆ ఆబోతు కూతుళ్లు మీ చుట్టుపక్కలే పాలిచ్చాయంటున్నారు. మీ మందలో దాని మనవరాళ్లు ఉన్నాయేమో చూసుకోండి. తాత వీర్యం మనవరాలికి వేస్తే దగ్గరి రక్తం. దూడలు బలహీనంగా పుడతాయి, చూడి కూడా తొందరగా పోతుంది. జాతిని కాపాడాలంటే వంశం చీటీ రాసుకోవాలి. నేనైతే మా ఎర్ర ఆవులకు తల్లి, తండ్రి, తాత పేర్లు నోట్‌బుక్‌లో రాసి పెట్టా.

పశువైద్యుడు, బిలోలి:
మంచి మాట. ఒకటి కలుపుతాను. గడ్డకట్టించడం కణాలను కాపాడినట్టే క్రిములను కూడా కాపాడుతుంది. ఆవుల్లో గర్భస్రావాలు తెచ్చే ఐబీఆర్ వైరస్, బ్రూసెల్లా క్రిమి లాంటివి నత్రజనిలో చావవు. ఇప్పుడు వీర్య కేంద్రాల్లో ఆబోతులకు వరసగా రోగ పరీక్షలు చేస్తారు, గడ్డకట్టించాక 30 రోజులు విడిగా ఉంచిన తర్వాతే బయటకు పంపుతారు. మీ స్ట్రా మీద కేంద్రం పేరు, ఆబోతు నంబరు, తేదీ ముద్ర ఉంటే కొంత నమ్మకం. 2006 అన్న ఒక్క అంకె తప్ప ఏమీ లేకపోతే ఎక్కడ తీశారో కూడా తెలియదు. స్ట్రా మీద ఇంకేం రాసి ఉంది?

దెగ్లూర్ దేవణి మంద:
నంబరు ఉంది, మిగతాది సరిగ్గా కనబడటం లేదు. చదవడానికి పైకి తీయమంటారా?

ధర్మాబాద్ పాడి:
తీయకండి!

పశువైద్యుడు, బిలోలి:
వద్దు. కళాశాలలో కరిగించాక ఖాళీ స్ట్రాను తీరిగ్గా చదవొచ్చు.

వెటర్నరీ విద్యార్థి, కోరుట్ల:
కింది వరస బాగుందని తేలితే అన్నీ ఒకేసారి వాడేయకండి అన్నా. మంచి ఎద ఉన్న, ఇదివరకు ఈనిన ఆవులను ఎంచుకుని వాటికే వేయించండి. పెయ్యలకు, తిరగపొర్లే అలవాటున్న ఆవులకు పెట్టకండి. చలనం బాగా తక్కువగా ఉంటే అండాలు తీసి ప్రయోగశాలలో ఫలదీకరణ చేసే పద్ధతి ఉంది, దానికి కొన్ని కణాలు చాలు. కానీ ఖర్చు ఎక్కువ.

దెగ్లూర్ దేవణి మంద:
సరే. ఎల్లుండి ఉద్గీర్ వెళ్తున్నా, చిన్న డబ్బా పక్కూరి అతను ఇస్తానన్నాడు. అందరికీ థాంక్స్. కింది వరస సంగతి తెలిశాక రాస్తా.

లాల్ కంధారి ప్రేమికుడు:
బాగున్నాయని తేలితే నాకు ఒక్కటి ఇస్తారా? కంధార్‌లో మా మేనమామ దగ్గర తెల్ల దేవణి ఆవు ఉంది, రక్త సంబంధం లేదు.

కిన్వట్ పాడి రైతు:
ఇదంతా చదివాక భయమేస్తోంది. మా దగ్గరా పాత కంటైనర్ ఒకటి ఉంది, మెడ దగ్గర చెమట పడుతోంది. నైట్రోజన్ ఆదిలాబాద్‌లో దొరుకుతుందా, నాందేడ్ వెళ్లాలా?

ధర్మాబాద్ పాడి:
చెమట ఎప్పటి నుంచి? లోపల స్కేలు ఎంత చూపిస్తోంది?